నేలమాళిగలో తూకం

యంత్రం తెచ్చిన పిల్ల పేరు త్యాషా.
గడప దాటుతూనే అడిగింది మంచినీళ్లు కాదు,
మీ ఇంట్లో అన్నిటికన్నా కదలని చోటు ఏది, అని.

నవ్వొచ్చింది.
బుర్యా గాలికి ఎగరకుండా
పెంకుల మీద రాళ్లెత్తే ఊరు మాది.
కదలనిది ఒక్కటే, ద్రాక్షసారా పీపాలుండే నేలమాళిగ.
సున్నపురాతి బండలోకి మా మామగారు
ఆరు చలికాలాలు తొలిచింది.

రెండు పీపాలు పక్కకు దొర్లించాం.
వాటి చోట బిందెంత పెట్టె పెట్టింది.
లోపల ఒక తీగచుట్ట, దాని కొసన చిన్న బరువు.
"అంతేనా?"
"అంతే. నేల దాన్ని ఎంత లాగుతుందో చూడ్డమే."

మా నేల సంగతి చెప్పాలి.
పైన పటారం, లోన లొటారం అంటారే,
మాకు పైన పటారం కూడా లేదు.
వాన పడుతుంది, జల్లెడలో పిండిలా దిగిపోతుంది.
వాగు లేదు. గుంట నిలవదు.
రేకా అంటే మా భాషలో నదనే అర్థం;
ఆ నది కూడా ష్కోత్సియాన్ దగ్గర గుహలోకి దూకి
ఎక్కడో సముద్రం పక్కన
వేరే పేరుతో లేస్తుంది.
మధ్యలో ఎక్కడ పడుకుంటుందో
అడగడానికి దిక్కు లేదు.

అమ్మ కాలంలో ఇంటికప్పు మీది వానే తాగునీరు.
పెరట్లో తొట్టిబావి, దాని రాతి అంచుకు
తాడు ఒరిపిడి గాట్లు పదకొండు.
నీటి బరువే తాడుకు పదును పెట్టింది.
చేద ఇంకా చీకట్లో ఉండగానే అమ్మ చెప్పేది:
"ముప్పావే వస్తోంది. ఆవుకు కాస్త తగ్గించు."
ఆమె మోచేయి తప్పు చెప్పడం నేనెరగను.

త్యాషా పెట్టెదీ అదే మోచేయి, కాకపోతే
నూరుకోట్ల వంతుల్లో ఒక వంతు పట్టేస్తుంది.
పది మైక్రోగాల్‌ల తేడా వస్తే
కింద జానెడు నీరు పరిచినట్టు లెక్కట.
జానెడు!
వేళ్లు చాచి చూసుకున్నాను.
కీళ్లవాతంతో నా జాన ఈ మధ్య జానకు తక్కువ.

నవంబరులో మూడు రోజులు ఎడతెగని వాన.
కాయితం తెచ్చి చూపింది, గీత కిందికి జారింది.
"ఇంత వానకి బరువు తగ్గిందా?
నీ పెట్టెకు మతి పోయింది."
"నీళ్లింకా మన నెత్తిమీదే ఉన్నాయి, అల్బీనా.
కప్పు బండలో, పైన ఎర్రమట్టిలో.
పెట్టెను పైకి లాగుతున్నాయి."

తలెత్తి చూశాను.
అరవై ఏళ్లుగా ఆ కప్పు కింద సారా వంచుకున్నదాన్ని,
నీటి కింద నిలబడ్డానని ఎవరూ చెప్పలేదు.

ఐదో రోజుకి గీత మలుపు తిరిగింది,
నిండు నెలల మనిషి మెట్లెక్కినట్టు.
నీళ్లు మమ్మల్ని దాటి దిగిపోయాయి.
ఏ చప్పుడూ కాలేదు.

తీసివేతలే ఆ పిల్ల చదువంతా.
చంద్రుడు నేలను రోజుకు రెండుసార్లు ఎత్తి దింపుతాడు,
అది తీసేయాలి. గాలి బరువు తీసేయాలి.
తీగకు వచ్చే అలసట తీసేయాలి.
జనవరి పదకొండు, రాత్రి రెండుంబావు దగ్గర
గీతలో ఒక వణుకు. అది నేనే.
నిద్రపట్టక తెరాన్ ఒక్క గుక్క కోసం దిగాను.
"మీ బరువు దానికి ఆనదు, మీ అడుగుల అదురు" అంది.
పక్కన పెన్సిలుతో నా పేరు రాసి
కొట్టేసింది.

అన్నీ తీసేశాక మిగిలేదే నీరు.

వేసవిలో పెట్టె వేరే ఊరి నేలమాళిగకు పోయింది.
వెళ్తూ, ఎంత నీరు ఆగిందో చెప్పగలను,
ఏ దారిన పోయిందో చెప్పలేను, అంది.
తూకానికి దారులు తెలియవట.

పీపాలు తిరిగి దొర్లించలేదు.
ఆ చోట చిన్న సిమెంటు దిమ్మ మిగిలింది.
వాన రాత్రుళ్లు దాని మీద కూర్చుని
కాళ్లు తేలికయ్యాయా అని చూసుకుంటాను.
ఐదో రోజు దాకా ఆగి మళ్లీ దిగుతాను.

మోకాళ్లు ఏమీ చెప్పవు.
అయినా పీపా చెక్క మీద
సుద్దతో తేదీ వేస్తాను.